ఊఁ కొట్టే డ్రైవరు

నేను నిద్రపుచ్చే శబ్దాలు తయారుచేసి బతుకుతాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "అంటే పాటలా?" అని అడుగుతారు. పాటలు కావు. వాన, అలలు, చెట్ల మధ్య గాలి, పక్కగదిలో తిరిగే ఫ్యాను. ఇలాంటివి రికార్డు చేసి, కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పరిచి, రాత్రంతా తెగకుండా వినిపించేలా అతికించి నెట్‌లో పెడతాను. నిద్ర రానివాళ్ళు అవి పెట్టుకుని పడుకుంటారు. ఒకావిడ నాకు ఇలా రాసింది: "మీ వాన పుణ్యమా అని మా అత్తగారు హాయిగా గురకపెట్టి పడుకుంటున్నారు. ఇప్పుడు ఆ గురకకి నాకు నిద్ర పట్టడం లేదు. దానికేమైనా ఉందా?" ఇలాంటి మెచ్చుకోళ్ళతో నా రోజులు బాగానే వెళ్ళిపోయేవి.

ఆ వానాకాలం మాత్రం మా ఇంట్లోనే ఒక మనిషికి కంటి మీద కునుకు కరువైంది. ఆ మనిషి మా నాన్న.

నాన్న దూరప్రయాణం బస్సు డ్రైవరు. రాత్రంతా నడిపి, పొద్దున ఇంటికొచ్చి, స్నానం చేసి, ఇంత తిని, మధ్యాహ్నం పడుకునేవాడు. మేమంతా ఆ వేళప్పుడు పిల్లుల్లా నడవడం నేర్చుకుని పెరిగాం. వానలు మొదలవబోతున్నాయనగా ఒక తెల్లవారుజామున ఆయన బస్సు ఒక మలుపు దగ్గర వేగం తగ్గకుండా, తిరగకుండా నేరుగా పొలంలోకి దిగిపోయి పక్కకి ఒరిగింది. అదృష్టం బాగుండి ఎవరి ప్రాణాలూ పోలేదు. ప్రయాణికులు దెబ్బలతో బయటపడ్డారు. కండక్టరుకి కాలు విరిగింది. నాన్నకి నుదుటి మీద గీత పడింది, అంతే.

"నిద్రపోయావా?" అని పై అధికారులు అడిగితే నాన్న లేదన్నాడు. ఆస్పత్రి మంచం మీద ఉన్న కండక్టరూ అదే మాట చెప్పాడు. "నేను కబుర్లు చెప్తూనే ఉన్నానండీ, ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. నిద్రపోయిన మనిషి ఊఁ ఎలా కొడతాడు?" అన్నాడట. మనిషి మెలకువగా ఉంటే తప్పు బండిదే కావాలి. బండిదంటే బ్రేకులది. బ్రేకులదంటే, బయల్దేరే ముందు వాటిని చూసి సరే అన్న డిపో మెకానిక్‌ది. కండక్టరు లేచి తిరిగేదాకా, అంటే వానలు వెనకబట్టేదాకా, విచారణ ఆపారు. అప్పటివరకూ నాన్నని ఇంట్లో కూర్చోమన్నారు.

ఈ ఊఁ సంగతి కొంచెం చెప్పాలి. కండక్టరుని నేను బాబాయ్ అంటాను గానీ ఆయన మాకు చుట్టం కాడు, నాన్నతో ఏళ్ళ తరబడి ఒకే బండి మీద తిరిగినవాడు. డిపోలో అందరూ ఆయన్ని కబుర్ల కండక్టరు అనేవారు. బస్సంతా పడుకున్నాక ఆయన ముందుకొచ్చి ఇంజను పక్క సీటులో కూర్చుని కబుర్లు మొదలుపెట్టేవాడు. నాన్న పని ఊఁ కొట్టడం. ఊఁ ఒక్కసారి ఆలస్యమైతే బాబాయ్ భుజం తడతాడు. మళ్ళీ ఆలస్యమైతే బండి పక్కకి తీసి, నాన్న మొహం కడుక్కుని, టీ తాగి గానీ కదలకూడదు. ఇద్దరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు అది. ఎవరూ రాసివ్వకపోయినా ఏనాడూ తప్పలేదు.

"ఆ అలవాటు ఇంటికి కూడా మోసుకొచ్చారు," అనేది అమ్మ. "నేను నా గోడంతా వెళ్ళబోసుకుంటుంటే పేపరు వెనక నుంచి ఊఁ, ఊఁ అంటారు. ఇంతకీ నేనేం చెప్పానో చెప్పండి అంటే తెల్లమొహం వేస్తారు."

నాన్న నవ్వేవాడు. ఆ వానాకాలం ఆయన నవ్వు కూడా మానేశాడు. మధ్యాహ్నం పడుకునేవాడు, కళ్ళు మూసుకునేవాడు, కాసేపటికి తెరిచి పైకప్పు చూస్తూ ఉండేవాడు. రాత్రీ అంతే. డాక్టరు ఇచ్చిన మాత్ర వేసుకోమంటే, "మందు మింగి పడుకుంటే నాకేం తెలుస్తుంది?" అన్నాడు. ఏం తెలియాలో మాకు అప్పుడు అర్థం కాలేదు. కళ్ళు లోపలికి పోయాయి. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. సీసా మూత కూడా అమ్మే తిప్పి ఇచ్చేది. అమ్మ నా దగ్గరికొచ్చి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి, "ఊళ్ళోవాళ్ళందరినీ పడుకోబెడతావు కదే, మీ నాన్నకేమైనా చెయ్యి," అంది.

అలా మొదలైంది నా వానాకాలం.

మా ఇంట్లో బట్టల బీరువా ఉండే చిన్న గదే నా పని గది. గోడలకి బొంతలు వేలాడదీశాను, బయటి చప్పుడు రాకుండా. అందులోకి ఎవరొచ్చినా, "ఏమ్మా, ఇక్కడ పరుపులు కుడతారా?" అంటారు. నాన్న మంచం తలగడ పక్కన చిన్న స్పీకరు పెట్టి, నా గదిలోంచి ఒక్కొక్కటే వదిలేదాన్ని.

ముందు వాన. వానని వానలా వినిపించడం అనుకున్నంత సులువు కాదు. ఉన్నదున్నట్టు పట్టుకుంటే మూకుడులో ఏదో వేగుతున్నట్టుంటుంది. అందుకని నేను దాన్ని విడివిడిగా పట్టుకుంటాను. గొడుగు గుడ్డ మీద పడేది వేరు, రేకు మీద పడేది వేరు, చూరు నుంచి తడిమట్టిలోకి జారేది వేరు. అవన్నీ కలిపి, పైనున్న చురుకుదనం తీసేసి, మెత్తగా చేస్తాను. ఏ ఒక్క చప్పుడూ ప్రత్యేకంగా చెవికి తగలకూడదు. మధ్యలో ఒక పిట్ట కూసిందంటే చాలు, అది మళ్ళీ ఎప్పుడు కూస్తుందా అని చెవి కాచుకుని కూర్చుంటుంది. కాచుకుని కూర్చున్న చెవికి నిద్ర రాదు. నా పనిలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క ముక్కే.

నాన్న కాసేపు విన్నాడు. "బాగుంది తల్లీ. కానీ వైపరు వెయ్యాలనిపిస్తోంది," అన్నాడు.

వాన తీసేసి అలలు పెట్టాను. "ఎదురుగా లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతున్నట్టుంది."

అలలు తీసేసి ఫ్యాను పెట్టాను. ఫ్యానుకి చాలామంది అభిమానులున్నారు, నా దగ్గర అన్నిటికంటే ఎక్కువమంది వినేది అదే. నాన్న తల పక్కకి వంచి విని, "దీని బేరింగు పోవడానికి సిద్ధంగా ఉంది. ఎవరి ఫ్యానిది?" అన్నాడు.

"మన ముందుగదిలోదే నాన్నా."

అమ్మ ఆ సాయంత్రమే దానికి నూనె వేయించింది. ఫ్యాను బాగుపడింది గానీ నాన్నకి నిద్ర మాత్రం రాలేదు.

చివరికి నాకొక గొప్ప ఆలోచన వచ్చిందనుకున్నాను. బస్సు ఎక్కగానే నిద్ర ముంచుకొచ్చేవాళ్ళు ఎంతమంది లేరు? ఆ ఇంజను గుయ్‌మనే మోతలోనే ఏదో ఉంది. నాన్న జీవితమంతా ఆ మోతలోనే గడిచింది. ఇంకేం కావాలి? వానలో తడుస్తూ వెళ్ళి నాన్న తిరిగే దారిలోనే బస్సెక్కి, వెనక సీటులో ఒళ్ళో శాలువా కింద రికార్డరు దాచుకుని ఆ కొసదాకా వెళ్ళొచ్చాను. నా పక్కనున్న పెద్దాయన నా భుజం మీద తల పెట్టి దారంతా పడుకున్నాడు. ఇది తప్పకుండా పనిచేస్తుందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అది పెట్టి తలుపు సందులోంచి చూశాను. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు. కానీ దుప్పటి కింద కుడికాలు మెల్లగా నొక్కుతోంది, వదులుతోంది. మోత మారినచోటల్లా ఎడమచెయ్యి గేరు కోసం వెతుకుతోంది. కాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. నేను పరిగెత్తుకెళ్ళి ఆపేశాను.

"ఏం పర్లేదు తల్లీ," అన్నాడు లేచి కూర్చుని. "ఇది ప్రయాణికులకి నిద్ర. నాకు డ్యూటీ."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది. ఆవిడ ఏడ్చేటప్పుడు కొళాయి తిప్పుతుంది, మాకు తెలియదనుకుంటుంది. ఆ పూట నాకూ ఏడుపొచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఇంత నిద్ర పంచుతున్నాను, కన్నతండ్రికి ఒక్క గంట ఇవ్వలేకపోతున్నాను.

వాన కాస్త తెరిపిచ్చిన ఒక పూట డిపో మెకానిక్ వచ్చాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. చేతులు శుభ్రంగానే ఉన్నా జేబులోంచి గుడ్డ తీసి తుడుచుకుంటూనే నిలబడ్డాడు. నాన్న లోపలికి రమ్మంటే, "వద్దన్నా, కాళ్ళనిండా బురద," అని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నేను గొడవకి రాలేదన్నా. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను."

"అడుగు."

"బ్రేకు నొక్కితే పట్టలేదా? అసలు నొక్కలేదా?"

కుర్చీ చేతి మీద నాన్న వేళ్ళు కదిలాయి. "నొక్కే ఉంటాను," అన్నాడు.

"ఉంటాను అంటే?"

అమ్మ టీ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను నిలబడే తాగాడు. ఖాళీ గ్లాసు కిందపెడుతూ, "ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను వదినా, దానికి కాదు," అన్నాడు, నాన్నతో చెప్పాల్సింది అమ్మతో చెబుతూ. "ఆ బ్రేకులు నేను చూశాను. మా పిల్లల్ని ఎక్కించే బండిలా చూశాను. నాకు తెలియకుండా వదిలేశానా, ఏదైనా బిగించడం మరిచిపోయానా అని ఆలోచించీ ఆలోచించీ బుర్ర వేడెక్కిపోతోంది. ఇప్పుడు ఏ నట్టు బిగించినా మళ్ళీ విప్పి చూసుకుంటున్నాను. అన్న మెలకువగానే ఉన్నానంటున్నాడు. అన్న అబద్ధం ఆడే మనిషి కాదు. అయితే నేనే చంపబోయానన్నమాట అంతమందినీ."

అతను గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అమ్మ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాక నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"నాకు ఆ మలుపు గుర్తు లేదు తల్లీ."

నేను కింద కూర్చున్నాను.

"దానికి ముందు పెట్రోలు బంకు గుర్తుంది. వాడు వాళ్ళ అమ్మాయి సంబంధం గురించి చెప్తున్నాడు, అది గుర్తుంది. తర్వాత అద్దం పగిలిన చప్పుడు గుర్తుంది. మధ్యలో మలుపు లేదు. నిద్రపోతే వాడి మాటలు ఎలా వింటాను? ఊఁ ఎలా కొడతాను? వాడు అబద్ధం చెప్పడు. నేనూ చెప్పడం లేదు. మరి ఆ మలుపేమైంది?"

"అది తలుచుకునా నాన్నా నిద్ర రావడం లేదు?"

"కాదు. పడుకున్నప్పుడు నేను చూస్తుంటాను. నిద్ర ఎటునుంచి వస్తుందో, వచ్చే ముందు ఏమవుతుందో. దాన్ని ఒక్కసారి పట్టుకుంటే, ఆ రోజు వచ్చిందో రాలేదో తెలిసిపోతుంది కదా. దొరకడం లేదు."

పిట్ట కూత కోసం కాచుకున్న చెవి సంగతి నాకు తెలుసు. నిద్ర కోసమే కాచుకుని కూర్చున్న మనిషిని ఏ వానా, ఏ అలలూ పడుకోబెట్టలేవు. ఆ రోజు నుంచి స్పీకరు తీసేశాను.

వానలు వెనకబట్టాయి. విచారణ వచ్చే వారం ఉందనగా బాబాయ్ చంకలో కర్ర పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. కట్టు విప్పాక ఆయన బయటకి రావడం అదే మొదలు. వస్తూనే, "ఏంటన్నా, కాలు విరిగింది నాదైతే చిక్కిపోయింది నువ్వా?" అన్నాడు. నాన్న పెదవుల మీద ఏదో కదిలింది. నవ్వనే అనుకోవచ్చు.

ఆయన్ని చూడగానే నాకు నా పని గుర్తొచ్చింది. ఆ మధ్య వినేవాళ్ళు కొందరు ఒకటి అడుగుతున్నారు. చిన్నప్పుడు పక్కగదిలో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే వింటూ వింటూ నిద్రపోయేవాళ్ళం కదా, అలాంటిది చెయ్యండి అని. మాటలు అర్థం కాకూడదు, ఎవరో మెలకువగా ఉన్నారని మాత్రం తెలియాలి. అమ్మతో ప్రయత్నించాను గానీ మైకు చూస్తే ఆవిడ వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతుంది.

"బాబాయ్, నాన్నతో ఏవైనా కబుర్లు చెప్పవూ? రికార్డు చేసుకుంటాను."

"కబుర్లు చెప్పమని నన్ను అడిగే రోజు కూడా వచ్చిందా అమ్మడూ? అందరూ ఆపమనేవాళ్ళే," అని కర్ర గోడకి చేర్చి సర్దుకుని కూర్చున్నాడు.

వాళ్ళ దగ్గర ఒక మైకు, తలుపుకి ఇవతల ఒక మైకు పెట్టి, నేను నా బొంతల గదిలోకి వెళ్ళి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. మధ్యాహ్నం ఎండ పల్చగా కాస్తోంది. వీధిలో చప్పుడు పెద్దగా లేదు.

బాబాయ్ వాళ్ళ బావమరిది స్కూటరు కథ ఎత్తుకున్నాడు. ఆ బావమరిది ఎక్కడో పాత స్కూటరు చవగ్గా దొరికిందని కొన్నాడు. నున్నగా రంగు వేసి ఉంది, హారను మోగుతోంది, లైటు వెలుగుతోంది. ఎంత తన్నినా కదలదే. తీరా విప్పి చూస్తే లోపల ఇంజను లేదు.

"ఊఁ," అన్నాడు నాన్న.

"అమ్మినవాడి దగ్గరికి పోతే, ఇంజను ఉందని నేను చెప్పానా, నువ్వు అడిగావా అన్నాడట."

"ఊఁ."

బాబాయ్ గొంతు దారిలో పడింది. ఆగకుండా, తొందర లేకుండా, మాట మీద మాట వేసుకుంటూ పోతోంది. నాకు ముచ్చటేసింది. మాటల పదును కొంచెం తగ్గిస్తే చాలు, అచ్చం వాళ్ళడిగినట్టే ఉంటుంది అనుకుంటూ వింటున్నాను. కొంతసేపటికి ఇంకోటి వినిపించింది. ఊపిరి. పొడుగ్గా లోపలికి వెళ్తోంది, కాస్త ఆగుతోంది, బరువుగా బయటికొస్తోంది. చివర్న సన్నటి గుర్రు. నా వ్యాపారమే నిద్ర కాబట్టి నాకది తెలియకుండా ఉండదు. అది పడుకున్న మనిషి ఊపిరి.

ఆ గుర్రు మధ్యలోంచి, సరిగ్గా బాబాయ్ వాక్యం ఆగినచోట, "ఊఁ."

నా పరికరంలోనే ఏదో పొరపాటనుకున్నాను. ఇందాకటి ఊఁ ఇక్కడెక్కడో అతుక్కుందేమో. హెడ్‌ఫోన్లు తీసి, చప్పుడు కాకుండా వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

బాబాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ చెబుతున్నాడు. బస్సులో కూడా అంతే, కళ్ళు ఎప్పుడూ పక్క కిటికీ బయటి చీకట్లోనే. పక్కనున్న మనిషిని చూడాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు, ఊఁ వినిపిస్తే చాలు. నాన్న తల కుర్చీకి ఆనించి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. చెయ్యి జారి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది.

నేను బాబాయ్ భుజం మీద చెయ్యి వేశాను. ఆయన నన్ను చూసి, నా చూపు ఎటుందో అటు చూశాడు. నోటిలో ఉన్న మాట అలవాటు కొద్దీ బయటికి వచ్చేసింది. "...ఇక తోసుకుంటూ ఇంటికి బయల్దేరాడన్నా."

"ఊఁ."

బాబాయ్ మొహంలో రంగు మారింది. కాస్త ముందుకి వంగి, అదే గొంతుతో, అదే తీరులో అన్నాడు. "అప్పుడా స్కూటరుకి రెక్కలొచ్చాయన్నా."

"ఊఁ."

"ఎగిరిపోయి చందమామ మీద వాలింది."

"ఊఁ."

బాబాయ్ ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "అన్నా, నువ్వు పడుకున్నావా?"

"ఊఁ," అన్నాడు నాన్న.

బాబాయ్ నా వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. ఎన్నో ఏళ్ళుగా తను నమ్మిన మనిషి మీద కాదు, తన చెవుల మీదే నమ్మకం పోయినవాడి చూపు అది. మాట ఆగబోయింది. అప్పుడే నాన్న కనురెప్పలు కదిలాయి. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న అమ్మ రెండు చేతులూ ఎత్తి, ఆపొద్దు, ఆపొద్దు అని సైగ చేసింది.

బాబాయ్ ఆపలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే భుజానికి తుడుచుకుంటూ, గొంతులో ఏ మార్పూ రానివ్వకుండా, చందమామ మీద వాలిన స్కూటరుని మళ్ళీ కిందకి దింపి, వాళ్ళ బావమరిదిని దాని మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పాడు. వాళ్ళ వీధిలో వాళ్ళందరి సంగతులూ చెప్పాడు. ఆస్పత్రిలో నర్సమ్మలు తనకి ఏమేం పేర్లు పెట్టారో చెప్పాడు. చెప్పడానికి ఏమీ మిగలకపోతే వాళ్ళ బస్సు దారిలో వచ్చే స్టాపుల పేర్లన్నీ వరసగా చెప్పాడు. అన్నిటికీ నాన్న ఊఁ కొట్టాడు. నేను, అమ్మ కింద కూర్చుని వింటూ ఉండిపోయాం. ఎండ కిటికీ దాటి గోడ మీదికి ఎక్కేదాకా నాన్న పడుకున్నాడు.

చివరికి బాబాయ్ గొంతు బొంగురుపోయింది. మాట ఆగింది. నాన్న కళ్ళు తెరిచాడు.

"ఆగావేంట్రా? తర్వాతేమైంది?"

"పడుకున్నావన్నా."

"లేదురా, వింటూనే ఉన్నా. ఇంజను ఉందని నేను చెప్పానా అన్నాడు ఆ స్కూటరు అమ్మినవాడు."

నాన్న మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. గోడ మీదికెక్కిన ఎండ చూశాడు. పక్కన తను తాగకుండానే మీగడ కట్టేసిన టీ చూశాడు. తర్వాత బల్ల మీద మైకు చూశాడు.

"అది వింటోందా తల్లీ?"

"విన్నది నాన్నా."

"వినిపించు."

నేను నా గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి పెట్టాను. ఆ బొంతల మధ్య నాన్న కళ్ళు మూసుకుని, డాక్టరు గుండె వింటున్నట్టు విన్నాడు. బాబాయ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఒకచోట నాన్న చెయ్యి పైకి లేచి తన పెదవుల మీద ఆగింది. ఏ చోటో నాకు తెలుసు. ఇంకాస్త విని, హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"అయితే నేను బ్రేకు నొక్కలేదు," అన్నాడు.

"నేను అబద్ధం చెప్పలేదన్నా," అన్నాడు బాబాయ్, బొంగురు గొంతుతో.

"నువ్వు విన్నదే చెప్పావు. నేనూ విన్నాననుకున్నదే చెప్పాను."

"ఇది మన నలుగురికే తెలుసు. అమ్మడు చెరిపేస్తే పోతుంది. చెప్పావంటే మళ్ళీ నిన్ను స్టీరింగు ముట్టుకోనివ్వరన్నా."

"చెరిపేస్తే నా చెవుల్లోంచి పోతుందా?"

బాబాయ్ తల దించుకున్నాడు. నాన్న లేచి ఆయన భుజం మీద చెయ్యి వేసి, కర్ర అందించి, వీధి చివరిదాకా దిగబెట్టి వచ్చాడు. వచ్చాక నేనే అడిగాను, "తీసెయ్యమంటావా నాన్నా?" అని. "ఉండనీ. మళ్ళీ ఎప్పుడైనా మెలకువగానే ఉన్నానని వాదిస్తే మీ అమ్మకి పనికొస్తుంది," అన్నాడు. అమ్మ కొళాయి తిప్పకుండానే, మా ముందే ఏడ్చింది.

విచారణలో ఆ రికార్డు అవసరం పడలేదు. అక్కడ జరిగింది బాబాయ్ వచ్చి చెబితే తెలిసింది. నాన్న లేచి నిలబడి, "నిద్రపోయానండీ. నాకే తెలియకుండా పోయాను. బ్రేకు నొక్కలేదు. బండిలో తప్పు లేదు," అన్నాడట. ఇన్నాళ్ళూ మెలకువగా ఉన్నానన్నావుగా అని విచారణ చేసే అధికారి గద్దిస్తే, "ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నానండీ," అన్నాడట. రాసుకున్నారు. స్టీరింగు తీసేశారు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే కిటికీ దగ్గర కూర్చోమన్నారు. డిపో బయటకి వస్తూ నాన్న తన బండి దగ్గర ఒకసారి ఆగి, దుమ్ము పట్టిన అద్దం చొక్కా చేత్తో తుడిచాడని కూడా బాబాయే చెప్పాడు.

నాన్న ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పెట్టింది తిన్నాడు. ఆయన మొహంలోకి చూసే ధైర్యం లేక నేను ఏదో ఒకటి అడగాలని, "ఏం పెట్టమంటావు నాన్నా? వానా, అలలా?" అన్నాను.

"ఏమీ వద్దు తల్లీ. మీ పని మీరు చేసుకోండి. నేను పడుకుంటే మాత్రం లేపకండి."

ఇంతకాలంలో ఆయన నోట ఆ మాట వినలేదు. మంచం మీద పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకున్నాడు. అమ్మ కాసేపు ఆగి తొంగిచూసి, ఇంకాసేపు ఆగి మళ్ళీ తొంగిచూసి, మూడోసారి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మునివేళ్ళ మీద వెనక్కి వచ్చింది. నాకేసి చూసి చెయ్యి చెంపకి ఆనించి చూపించింది.

ఆ సాయంత్రం మెకానిక్ వచ్చాడు. ఈసారి చేతులు తుడుచుకోవడం లేదు. గుమ్మం దగ్గరే గట్టిగా, "అన్నా," అని పిలవబోయాడు. అమ్మ ఒక్క అంగలో వెళ్ళి పెదవుల మీద వేలు పెట్టుకుని, "ఆయన పడుకున్నారు," అంది. ఇంట్లో ఎవరికో పెద్ద ఉద్యోగం వచ్చిందని చెప్పినంత గర్వంగా చెప్పింది.

అతను అమ్మ భుజం మీదుగా లోపలికి చూశాడు. మంచం మీద ఇటు వీపు తిప్పి పడుకున్న నాన్న కనిపించి ఉంటాడు. అతని కళ్ళు తడయ్యాయి. చెప్పులు విప్పేశాడు, లోపలికి మాత్రం రాలేదు.

"లేపొద్దు వదినా. నాకేం తొందర లేదు," అని మెట్టు మీద కూర్చున్నాడు.

నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి మా గేటు ముందు ఎవరో కుర్రాడు బండి ఆపి, స్నేహితుడి కోసం కాబోలు, ఒకటే హారను కొడుతున్నాడు. మెకానిక్ ఉత్తకాళ్ళతోనే గబగబా దిగి వెళ్ళి, ఆ బండి హ్యాండిలు మీద చెయ్యి వేశాడు.

"మెల్లగా తమ్ముడూ," అన్నాడు. "లోపల మా డ్రైవరు పడుకున్నాడు."